ఆయన పారబోసిన తుపాకి మందు

మా తోడల్లుడు పోయారని వదిన ఫోన్ చేసినప్పుడు నేను డెయిరీలో పాల సీసాలు ఫ్రిజ్‌లో సర్దుతున్నాను. డెయిరీ అంటే ఇక్కడ వీధి మూల మీద ఉండే కిరాణా కొట్టు. అదే నా బతుకుదెరువు. “తమ్మీ, మీ అన్న లేస్తలేడు,” అన్నది వదిన. “ఇగ లేవడు,” అని తనే అన్నది. చాయ్ తీసుకుని పోయి పిలిస్తే పలకలేదట. నిద్రలోనే వెళ్లిపోయారు.

రోజూ సాయంత్రం లెక్క రాసుకోనిదే నాకు నిద్ర పట్టదు. ఆ సాయంత్రం రాయబుద్ధి కాలేదు. ఆ తర్వాత చాలా రోజులకు, ఆయన గురించి నాలుగు మాటలు రాయాలనిపించి కూర్చున్నాను. మాట్లాడటం నాకు పెద్దగా రాదు. రాయడం కూడా సొంతంగా నేర్చుకున్నదే.

తోడల్లుడంటే మా ఆవిడ అక్క భర్త. నేను అన్నా అని పిలిచేవాణ్ణి. వరంగల్ వైపు మనిషి. డునెడిన్‌లో ఒక ఆసుపత్రిలో బాయిలర్లు చూసుకునే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. మేము ఈ దేశం వచ్చిన కొత్తలో వాళ్ల ఇంట్లోనే ఉన్నాం. ఇంగ్లీషు రాదని నేను కుంగిపోతుంటే, “కొట్ల సరుకుల మీద రాసుంటది గద, అది చదువు. అబద్ధం చెప్పని ఇంగ్లీషు అదొక్కటే,” అన్నారు. అలాగే చదివాను. ఇప్పటికీ డబ్బా మీద అక్షరాలు చదవకుండా ఏదీ అలమరలో పెట్టను.

పాతకాలపు తుపాకి అలవాటు ఆయనకు తోటి ఉద్యోగి ఒకతని వల్ల వచ్చింది. తూటా పెట్టి పేల్చేది కాదు. గొట్టం మూతి నుంచి మందు పోసి, పైన సీసపు గుండు పెట్టి, కడ్డీతో కిందికి కూరాలి. ఇక్కడివాళ్లు మజిల్‌లోడర్ అంటారు. “మా తాతలు భర్మారు తుపాకి అనేటోళ్లు, గిదే అది,” అనేవారు ఆయన. ఒక్కసారి పేలిస్తే మళ్లీ నింపడానికి ఓపిక కావాలి. దుప్పి అంతసేపు ఆగదు. ఆయనకు నచ్చిందే అది. “ఒక్కటే గుండు ఉంటే మనిషి సక్కగ ఆలోచిస్తడు,” అనేవారు. ఇక్కడి రెడ్ డీర్‌ని మేం దుప్పి అనే పిలుచుకునేవాళ్లం.

ఆయన వెంట తిరిగి తిరిగి నేను కూడా లైసెన్సు తీసుకుని ఒకటి కొన్నాను. కొన్న మర్నాడే వాళ్ల గ్యారేజీకి పట్టుకెళ్లాను.

“అన్నా, దీంట్ల ఏ మందు పోయాలె?”

“నన్నెందుకు అడుగుతున్నవ్? ముందుగాల తుపాకిని అడుగు. ఆ తర్వాత వానను అడుగు. ఆఖరుకు నీ బద్ధకాన్ని అడుగు.”

తుపాకిని అడగడమంటే దానితో వచ్చిన పుస్తకం చదవడం. నాది కొత్త రకం. మందు వెనకనే క్యాప్ అనే చిన్న నిప్పు బిళ్ల పేలి గట్టి మంట వస్తుంది కాబట్టి, బ్లాక్ పౌడర్‌కు, అంటే గంధకం కలిసిన పాతకాలపు మందుకు, బదులుగా తయారుచేసే మందులు కూడా దానికి సరిపోతాయి. ఆయనది చెకుముకి రాయితో పేలేది. ఆ చిన్న నిప్పురవ్వకు అసలు బ్లాక్ పౌడర్ తప్ప ఏదీ సరిగా అంటుకోదు. వానను అడగడమంటే ఇక్కడి చలినీ తేమనూ లెక్కలోకి తీసుకోవడం. బద్ధకాన్ని అడగడం అన్నిటికన్నా ముఖ్యమనేవారు. బ్లాక్ పౌడర్ పేలాక గొట్టమంతా మసి పడుతుంది. ఆ రోజే వేడినీళ్లు, సబ్బు పెట్టి కడగకపోతే తుప్పు తినేస్తుంది. బదులు మందుల్లో కొన్ని అంత మసి చెయ్యవు. అలాగని కడగనవసరం లేదనుకుంటే అవీ తినేస్తాయి.

మందు గింజ ఎంత లావుండాలో చెప్పడం మొదలుపెట్టారు. పెద్ద గొట్టానికి లావు గింజ, చిన్నదానికి సన్న గింజ అని రెండు రకాలూ కాగితం మీద పోసి చూపిస్తుంటే, చాయ్ తెచ్చిన వదిన తొంగి చూసింది.

“గిది ఇడ్లీ రవ్వ, గిది బొంబాయి రవ్వ. గింతదానికి గంటసేపు చెప్తవా ఆ పిలగానికి?”

“నీ ఉప్మా మాడితే ఇంకోటి చేస్తవ్. ఇది మాడితే ఇంకో మొగుడు కావాలె నీకు.”

“దొరికితే మంచిదే,” అని కప్పులు అక్కడ పెట్టి పోయింది.

నా కొట్టు త్రాసు తెస్తానన్నాను. వద్దన్నారు. “ఇది తూకం సరుకు కాదు తమ్మీ, కొలత సరుకు.” ఒక్కో మందు ఒక్కో బరువుంటుంది. ఇత్తడి కొలతతో కొలిచి పోయాల్సిందే. ఆ కొలతను నింపి, గోరుతో పైన సమం చేసి, పట్టి పట్టి చూసేవారు.

రెండు విషయాల్లో మాత్రం ఆయన దగ్గర వేళాకోళం నడిచేది కాదు. మందు దాని సొంత సీసాలోనే ఉండాలి, ఇంకో దాంట్లోకి మారకూడదు. మామూలు రైఫిల్ తూటాల్లో వాడే పొగ రాని మందు ఈ తుపాకి దరిదాపుల్లోకి రాకూడదు. చూడ్డానికి అది కూడా నల్లటి పలుకులే. కానీ దాని ఒత్తిడికి ఈ గొట్టం ఆగదు, చేతిలోనే పగిలిపోతుంది. మేకల వేటకు ఆయనకు మామూలు రైఫిల్ కూడా ఉంది. దాని తూటాలు సొంతంగా నింపుకునేవారు. ఆ మందు ఇనప బీరువాలో కింది అరలో, ఇది పై అరలో పెట్టి తాళం వేసేవారు.

తర్వాత ఆయన కళ్లు మందగించాయి. చూపు నడిమధ్య మసక పడే జబ్బు. ఎడమ కన్ను ముందే పోయింది. కుడి కన్ను వచ్చే ఏటికి గురి చూసే స్థితిలో ఉండదని డాక్టర్ తేల్చి చెప్పింది. అన్నేళ్లలో ఆ చెకుముకి తుపాకితో ఆయన ఆడ దుప్పులను కొట్టారు కానీ, కొమ్ములున్న పెద్ద మగదాన్ని ఒక్కసారీ కొట్టలేదు. దగ్గరికి వస్తే గాని వెయ్యరు. అవి దగ్గరికి రావు. “ఈ రోర్ ఒక్కటే మిగిలింది తమ్మీ. నువ్వు తోడు రా,” అన్నారు. ఆకులు రాలే కాలంలో మగ దుప్పులు రంకెలు వేస్తాయి. ఆ రోజులనే ఇక్కడ రోర్ అంటారు.

డునెడిన్‌కు దక్షిణాన క్యాట్లిన్స్‌లో ఆయనకు తెలిసిన రైతు పొలం చివర అడవి, అడవి మొదట్లో ఒక రేకుల గుడిసె ఉన్నాయి. అక్కడికి వెళ్లాం. ఆ ప్రయాణానికి నా తుపాకి తీసుకెళ్లలేదు. గురి ఆయనది, మూట మోత నాది.

పొద్దున్నే మంచు పొగ కమ్ముకుని ఉంది. వాగు అవతల మగ దుప్పి రంకె వేసింది. చాలా దగ్గర. ఆయన నవ్వుతూ వదిన సర్దిన సంచి విప్పారు. బ్లాక్ పౌడర్ సీసా లేదు. కడిగి ఆరబెట్టిన కాఫీ సీసా ఒకటి, నిండా నల్లటి మందుతో, టవల్లో చుట్టి ఉంది.

“ఇదేంది?”

“మందే కదన్నా.”

“ఏ మందు?”

మూత తీసి వాసన చూశాను. గంధకం వాసన గుప్పున వచ్చింది. “మనదే అన్నా.”

“మనది ఉన్నదని వాసన చెప్తది. ఇంకోటి లేదని చెప్తదా?”

“చిటికెడు రాయి మీద పోసి అంటిస్తే? తెల్లపొగ వస్తే తెలుస్తది గద.”

“ఆ చిటికెడు సంగతి తెలుస్తది. అడుగున ఏమున్నదో ఎవ్వడు చెప్పాలె?”

అక్కడ ఫోన్‌కు సిగ్నల్ లేదు. దుప్పి మళ్లీ రంకె వేసింది. ఆయన సీసాను వెలుతురుకు ఎత్తి, కుడి కంటికి దగ్గరగా పెట్టుకుని తిప్పి తిప్పి చూశారు.  గుడిసెలో బకెట్ తెమ్మన్నారు. నీళ్లు నింపి, మందంతా అందులో పోసి, కర్రతో కలిపారు. వాగుకు దూరంగా నన్ను గుంట తవ్వమని, ఆయనే పారబోశారు. ఆ పని చేస్తున్నంతసేపూ అవతలి రంకెకు ఒక్కసారి కూడా తలెత్తలేదు.

చేతులు కడుక్కుని గుడిసె మెట్టు మీద కూర్చున్నాం. ఖాళీ తుపాకి లోపల గోడకు ఆనించి ఉంది. అప్పుడు వచ్చింది అది. పొగమంచులోంచి వాగు ఒడ్డుకు దిగి, అడ్డంగా నిలబడింది. ఆయన వెయ్యగల దూరంలోనే.

“అన్నా, కనవడ్తున్నదా?” అని గుసగుసగా అడిగాను.

“కనవడ్తున్నది. ఊకో. చూడనియ్యి.”

అది నీళ్లు తాగి, మా వైపు ఒకసారి చూసి, తీరిగ్గా వెళ్లిపోయింది.

సాయంత్రానికి ఇల్లు చేరాం. వదిన వంటింట్లో వెల్లుల్లి వలుస్తోంది. “దొరికిందా?” అనడిగింది. ఆయన ఖాళీ కాఫీ సీసా బల్ల మీద పెట్టారు.

“దీంట్ల ఏం పోసినవే?”

“నీ మందే. ఆ ప్లాస్టిక్ సీసా మూత పలిగింది, చూసుకోలేదా? వానల తడుస్తదని దీంట్ల పోసిన. పక్కన ఇంకో డబ్బల అడుగున గింత ఉండె. రెండూ నల్లగనే ఉన్నయ్ గద, వేరే సీసా ఎందుకని దాంట్లనే కలిపిన. ఏం, సరిపోలేదా?”

ఆమె చెప్పింది మామూలుగా. అర కిలో కందిపప్పు, మిగిలిన గుప్పెడు కందిపప్పు ఒకే డబ్బాలో పోసే ఇల్లాలు ఎవరైనా అలాగే చెబుతుంది. 

నా మొహం చూసి వదిన భయపడింది. “ఏమైందయ్యా?”

దాచలేదు ఆయన. ఆ రెండో డబ్బాలోది రైఫిల్ మందని, అది పేలిస్తే గొట్టం పగిలేదని, తన తలకాయో, పక్కన కూర్చున్న నా కళ్లో పోయేవని, అందుకే దుప్పి ఎదురుగా వచ్చినా చూసి ఊరుకున్నామని నెమ్మదిగా చెప్పారు. “రెండూ బీరువల ఉండాలె. కంటి దవాఖాన నుంచి ఫోన్ వస్తే బల్ల మీద వదిలేసి లోపలికి పోయిన. తప్పు అక్కడైంది. నీ దగ్గర కాదు.”

“నా చేతులతోని పోసిన,” అన్నది వదిన.

“పేలలే గద.”

పాత తుపాకులవాళ్ల క్లబ్బు తర్వాతి సమావేశంలో ఆ సంగతి అందరికీ ఆయనే చెప్పారు. వదిన పేరెత్తలేదు. రెండు రకాల మందు బల్ల మీద వదిలేశాననీ, అవి కలిసిపోయాయనీ, పారబోశాననీ అన్నారు. అంత్యక్రియలకు వచ్చిన క్లబ్బు పెద్దాయన ఒకతను నాతో ఆ మాటే చెప్పాడు. ఆ రోజు నుంచి తను మొదటి సీసా బీరువాలో పెట్టనిదే రెండోదాని మూత తియ్యడం లేదట.

వదిన మాత్రం కక్ష తీర్చుకుంది. ఆ వారమే వంటింట్లో ప్రతి డబ్బా మీదా తెలుగులో చీటీ అంటించింది. ఉప్పు, పసుపు సరే, మంచినీళ్ల జగ్గు మీద కూడా “నీళ్లు” అని. “మీ అన్న మళ్ల పారబోస్తడేమో,” అనేది. ఆయన ఆ జగ్గు పట్టుకుని, అక్షరాలు కూడబలుక్కుని చదివి, అప్పుడు గ్లాసులో పోసుకునేవారు. కొన్ని నెలలకు ఆ అక్షరాలు కూడా ఆయనకు ఆనలేదు. తుపాకి అమ్మేశారు. మందు మిగల్చలేదు. నేను కొత్త సీసా కొన్నప్పుడల్లా మీద ఉన్నదంతా చదివి వినిపించమనేవారు. కళ్లు మూసుకుని పూర్తిగా వినేవారు.

ఆయన్ను తలచుకుంటే నాకు ముందుగా కనిపించేది ఆ సాయంత్రమే. పేలలే గద అన్న తర్వాత వదిన వెల్లుల్లి పక్కన పెట్టింది. చేతుల్ని ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తోంది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

“ఏదో వచ్చిందన్నవ్ గద. ఎంత పెద్దది?” అన్నది చివరకు, తల ఎత్తకుండా.

ఆయన లేచి నిలబడ్డారు. రెండు చేతులూ తల మీదికి ఎత్తి, వేళ్లు బాగా విప్పి కొమ్ములు పెట్టారు. గదంతా సరిపోలేదన్నట్టు మోచేతులు ఇంకా వెడల్పు చేశారు. మెడ సాచి, స్టవ్ వైపు నుంచి తలుపు వైపు నెమ్మదిగా తల తిప్పారు. వదిన అప్పుడు చూసింది. వెల్లుల్లి పొట్టు అంటిన వేళ్లతో నోరు మూసుకుని నవ్వింది. ఆయన చేతులు దించలేదు. అది వాగు ఒడ్డున ఎంతసేపు నిలబడిందో అంతసేపూ, అలాగే నిలబడ్డారు.