టిక్కుమనని కెమెరా

మా డ్రాయింగు సార్ పోయారని పోయిన మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. చేసింది నాతో పదో తరగతి చదివిన స్నేహితురాలు. "సార్ నిద్రలనే పోయిండట. వస్తున్నవా?" అని అడిగింది. వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇన్నేళ్ళుగా ఆయనను ఒక మాట అడగాలనుకుంటూ అడగకుండానే ఉండిపోయాను.

బోధన్‌లో వాళ్ళింటికి వచ్చిన ప్రతివాళ్ళూ హాల్లో గోడకున్న పెద్ద ఫొటో దగ్గర ఆగారు. వడగండ్లతో తెల్లబడిన గల్లీ, మనిషన్నవాడు లేడు, చివర కొంచెం ఎర్రటి ఎండ. "గిది మన నిజామాబాదేనా? కాశ్మీర్ లెక్కున్నది" అన్నాడొకాయన. నిజామాబాదే. మా గల్లీయే. అది తీసేటప్పుడు నేను ఆయన పక్కనే ఉన్నాను. అక్కడ ఎవరికీ ఏమీ చెప్పలేదు, చెప్పే చోటు కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆయన నాకేం చేశారో చెప్పాలి. మా అమ్మ బీడీలు చుట్టేది. పది పాసయ్యాక నన్నూ ఆ చాట ముందు కూర్చోబెడదామనుకుంది. సార్ స్కూలు వదిలాక మా ఇంటికొచ్చి, గడప మీదే కూర్చుని, జేబులోంచి లవంగం తీసి నోట్లో వేసుకున్నారు. ఆయన ఏదైనా గట్టిగా చెప్పాలంటే ముందు లవంగం వేసుకునేవారు. "అమ్మా, ఈ పిల్ల చూసినంత మంచిగ మా క్లాసుల ఎవ్వరు చూడరు. దీన్ని సదువుకోనియ్" అన్నారు. అమ్మ ఎదురు చెప్పలేకపోయింది. నేను డిగ్రీలో చేరింది అలా.

బొమ్మ వెయ్యమని తొందరపెట్టేవారు కాదు. "మొదలు కండ్లతోని చూడు. చేతికి తర్వాత చెబుదాం" అనేవారు. బ్లాక్‌బోర్డు ఎప్పుడూ తన చేతిరుమాలుతోనే తుడిచేవారు. సుద్దపొడి నిండిన ఆ రుమాలుతోనే చెమట తుడుచుకుని, నుదుటి మీద తెల్లచారతో సాయంత్రం బోధన్ బస్సెక్కేవారు. ఎవరైనా చెబితే, "ఉండనియ్, బస్సుల సీటిస్తరు" అని నవ్వేవారు.

ఆయన బావమరిది దుబాయి నుంచి గుప్పిట్లో పట్టే చిన్న డిజిటల్ కెమెరా తెచ్చిచ్చాడు. అప్పుడు నేను డిగ్రీ చివరి ఏడు. మార్చిలో ఒక సాయంత్రం అరగంటసేపు వడగండ్లు కురిశాయి. మా ఇంటి పెంకులు పగిలి గడ్డలు లోపల పడ్డాయి. అమ్మ చీపురుతో వాటిని బయటికి ఊడుస్తుంటే సార్ ఫోన్ చేశారు.

"బిడ్డా, బయటికి రా. ఊరంత తెల్లగైంది. మళ్ళ గిట్ల దొరకదు."

"సార్ పిలుస్తుండు" అన్నాను. అమ్మ తలెత్తకుండానే, "పో" అంది.

గాంధీ చౌక్‌లో బండ్ల మీద, ఆటోల మీద, మూసిన దుకాణాల మెట్ల మీద అంతా తెలుపే. ఒకాయన టిఫిన్ డబ్బాలోకి గడ్డలు ఏరుకుంటున్నాడు. సార్ చిన్నపిల్లాడిలా అటూ ఇటూ పరుగెత్తారు. చెయ్యి వణకకుండా మోచెయ్యి నా భుజానికి ఆనించి ఫొటోలు తీశారు. ఖిల్లా దాకా వెళ్ళి తిరిగి మా గల్లీలోకి వచ్చేసరికి ఎండ పొడిచింది.

మా పక్కింటి అవ్వ ఎదురొచ్చింది. "సారూ, గీ రేకులు సూడుండ్రి, జల్లెడలైనయ్. ఫొటో దీసి పెద్దసార్లకు సూపెట్టుండ్రి" అంది. వెనకే మిగతా ఆడవాళ్ళూ వచ్చారు.

"ఇస్తరా సార్?" అని అడిగాను.

"ఇస్తనని చెప్పు బిడ్డా" అన్నారు.

నేనే చెప్పాను. ఇంటింటికీ నేనే తీసుకెళ్ళాను. ఆయన ప్రతి ఇంటి ముందూ కెమెరా ఎత్తి, "కొంచెం ఇటు జరుగుండ్రి" అన్నారు. అవ్వ కొంగు తల మీదికి సర్దుకుని, చిల్లుపడ్డ రేకు పక్కన నిటారుగా నిలబడింది. అన్నీ అయ్యాక సార్, "అందరొక్కసారి లోపలికి పోండ్రి, గల్లీ ఖాళీగ కావాలె" అన్నారు. అందరూ ఆ పగిలిన కప్పుల కిందికి వెళ్ళి తలుపులు దగ్గరికి వేసుకున్నారు. గోడ మీది ఫొటో అప్పుడు తీసిందే.

మూడో రోజు నష్టం రాసుకునే ప్రభుత్వం వాళ్ళు వచ్చేసరికి గడ్డలు కరిగిపోయాయి, రేకుల మీద తాటిపత్రి పట్టాలు కప్పుకున్నారు. ఫొటోలేమైనా ఉన్నాయా అని వాళ్ళడిగితే గల్లీ అంతా నన్ను చూపించింది. వెంటనే స్కూలుకు పరుగెత్తాను.

సార్ లవంగం వేసుకోలేదు. "ఆ ఫొటోలు లేవు బిడ్డా. చౌక్ల, ఖిల్లా కాడనే కార్డు నిండిపోయింది. ఒక్కదానికే జాగ ఉండె. వద్దంటె బాధపడ్తరని ఊకె కెమెరా ఎత్తిన" అన్నారు.

"నాతోని ఎందుకు చెప్పించిన్రు సార్?"

గంట మోగింది, ఆయన క్లాసుకు వెళ్ళిపోయారు.

గల్లీకి వచ్చి, కార్డు ఖరాబైందని చెప్పాను. రుజువు లేదని ఎవరికీ పరిహారం రాలేదు. ఆయనను కాపాడానో నన్ను కాపాడుకున్నానో ఇప్పటికీ తెలియదు. ఆ వానాకాలమంతా తాటిపత్రి మీద చినుకులు పడుతున్న చప్పుడు వింటూ పడుకున్నాను. సార్ దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. బ్రష్షులు ట్రంకు పెట్టెలో పడేశాను. తర్వాత ఉద్యోగంలో చేరినప్పుడు కూడా ఆయనకు చెప్పలేదు. ఆ రోజు ఒక్క ఇంటి ఫొటో తీసి, తెల్లటి గల్లీని వదిలేసి ఉంటే ఆయన ఏం పోగొట్టుకునేవారు? నేను అడగాలనుకున్నది ఇదే.

రెండేళ్ళ కిందట, రిటైరయ్యాక, ఎండాకాలంలో ఆయనే మా గల్లీకొచ్చారు. నేను ఇంట్లోనే ఉన్నాను. అదే కెమెరా. అందరి ఫొటోలు తీస్తానన్నారు. అవ్వ గడపలో బీడీలు చుడుతూ ఆయనకు కుర్చీ వేయించింది, చాయ్ ఇప్పించింది. తాగేదాకా ఆగి నెమ్మదిగా అంది.

"గప్పుడు దియ్యలేదు గద సారూ. ఇప్పుడు కొత్త రేకులు ఏసుకున్నం. ఏం దీస్తరు?"

నేను అవ్వ వైపు చూశాను. "గా దినం టిక్కుమని సప్పుడు రాలే బిడ్డా. నా చెవులు మంచిగనే ఉన్నయ్. నువ్వు చిన్నబోతవని ఊకున్న" అంది.

సార్ తల వంచుకుని కెమెరా జేబులో పెట్టుకున్నారు. అప్పుడైనా నేను ఆ మాట అడగలేదు. ఆయన లేచేసరికి వేడిగాలి విసిరి, అవ్వ బీడీలకని ఆరబెట్టిన తునికాకులు కొన్ని గల్లీలోకి కొట్టుకుపోయాయి. ఆయన వంగి ఒక్కొక్కటే ఏరారు. మధ్యలో ఒకసారి గోడ పట్టుకున్నారు. నేను లేవలేదు. ఏరినవన్నీ అవ్వ చాట పక్కన పెట్టి, మళ్ళీ ఎగరకుండా వాటి మీద ఒక రాయి పెట్టి, ఎండలోకి నడిచి వెళ్ళిపోయారు.