చింతపండుతో తోమిన ఏనుగు

ఎల్లారెడ్డి దగ్గర ఒక అవ్వకు పొలం దున్నుతుంటే పాత రాగి నాణెం దొరికింది. మీద ఏనుగు బొమ్మ, నిండా పచ్చటి చిలుము. ఆ చిలుమే మా నాణేల పిచ్చివాళ్లకు బంగారం. కామారెడ్డి నుంచి చూడ్డానికి వస్తున్నానని నిన్ననే ఫోన్ చేశాను. అదే నా తప్పు.

ఈ రోజు అవ్వ నా చేతిలో పెట్టిన నాణెం తళతళలాడుతోంది. ఏనుగు మాత్రం లేదు.

"నువ్వొస్తున్నవని చింతపండు, ఇటుక పొడి పెట్టి తోమిన బిడ్డా. మస్తు మురికుండె."

"అవ్వా, ఆ మురికికి రెండువేల ఏండ్లు!"

"అయ్యో! గన్నేండ్లల్ల ఒక్కలన్న తోమకపోతిరా?"

ఇరవై ఏళ్లుగా నాణేలు పోగేస్తున్నాను. అవ్వకు ఏం చెప్పాలో మీకు తడితే రాయండి. ఇంటికి రాగానే నా నాణేల పెట్టెకు తాళం వేశాను. రేపు మా ఇంటికి చుట్టాలొస్తున్నారు, ఇత్తడి సామాన్లు తోమడానికి వంటింట్లో అప్పుడే చింతపండు నానుతోంది.