వంతెన దాటని చాటింపు

మొన్న తొమ్మిదో తరగతిలో అమెరికా వలసల పాఠం చెబుతున్నాను. ఇంగ్లండు రాజూ, ఆయన పార్లమెంటూ సముద్రానికి ఒక వైపు కూర్చుని, ఇంకో వైపు కాపురముంటున్న తమ మనుషుల మీద పన్నులు వేసిన కథ. చక్కెర మీద పన్ను, కాగితాల మీద ముద్ర పన్ను, చివరికి టీ ఆకు మీద పన్ను. బోస్టన్ రేవులో జనం ఓడలెక్కి పెట్టెలకు పెట్టెలు టీ ఆకు నీళ్లలో పారేశారని చెప్పగానే క్లాసు మొత్తం నా వైపు అనుమానంగా చూసింది. బాన్సువాడ బస్టాండు చుట్టూ ఎటు తిరిగినా చాయ్ దుకాణమే. చాయ్‌పత్తి పారేసినవాడు వీరుడని ఇక్కడి పిల్లల్ని నమ్మించడం నా తరం కాదు.

రెండో బెంచీ అమ్మాయి లేచింది. వాళ్ల నాన్నది చాయ్ దుకాణమే.

"మేడం, పన్ను ఏసినంక చాయ్‌పత్తి పిరమైందా?"

"లేదమ్మా. అప్పట్లో వాళ్లకు టీ ఆకు ఇంకా చవగ్గానే వచ్చేది."

"సస్తా అయితే మరి లొల్లి ఎందుకు మేడం?"

దానికి పుస్తకంలో జవాబు ఉంది. పార్లమెంటులో వాళ్ల తరఫున నోరు విప్పే మనిషి ఒక్కడూ లేడు, వాళ్లను అడగకుండా పన్ను వేశారు. అదే చెప్పాను. అమ్మాయి కూర్చుంది గానీ ముఖం చూస్తే లొల్లి తీరినట్టు లేదు. నా దగ్గర పుస్తకంలో లేని జవాబు ఒకటుంది. అది మా ఇంట్లో పుట్టింది, ఒక గేదె పుణ్యమా అని.

మాది బాన్సువాడ పక్కన ఒక క్యాంపు. మా తాత కోస్తాలో ఉన్న కాస్త పొలం అమ్ముకుని వచ్చి నిజాంసాగర్ కాలువ కింద భూమి కొన్నాడు. ఆయనతో వచ్చినవాళ్లంతా మొదట గుడారాల్లో ఉన్నారు గనక ఆ చోటికి క్యాంపు అని పేరు పడింది. గుడారాలు పోయి గుడిసెలు, గుడిసెలు పోయి డాబాలు వచ్చాయి, పేరు మాత్రం పోలేదు. నేను అక్కడే పుట్టాను. అయినా పక్క ఊళ్లోకి పోతే "క్యాంపోళ్ల పిల్ల" అనేవారు, కోస్తాకు పెళ్లికి పోతే "నైజామోళ్ల పిల్ల" అనేవారు. రెండు చోట్లా ప్రేమగానే అనేవారు, అబద్ధం ఎందుకు.

ఊరికీ మాకూ మధ్య కాలువ, దాని మీద సన్నటి వంతెన. పంచాయతీ ఆఫీసు కాలువకు అవతల, ఊళ్లో ఉండేది. మా క్యాంపు కూడా ఆ పంచాయతీ కిందే. అయితే మా ఇళ్లను రెండు వార్డుల్లోకి పంచేశారు గనక ఏ వార్డులోనూ మా మనిషి గెలిచింది లేదు. గ్రామసభ పెట్టాలంటే ముందు డప్పు మీద చాటింపు వేస్తారు. ఆ డప్పు ఊరంతా తిరిగి, వంతెన మొదట్లో ఆఖరి దరువు వేసి వెనక్కి తిరిగేది. ఎవరో పగబట్టి చేసిన పని కాదు. తాతల కాలంలో వంతెనకు ఇవతల ఉన్నవి నాలుగు గుడారాలే, వాటి కోసం ఎవరు దాటతారు? తర్వాత ఇళ్లు పెరిగాయి, దరువు హద్దు మాత్రం పెరగలేదు. గాలి మా వైపు వీస్తే డప్పు చప్పుడు వినిపించేది, మాటలు వినిపించేవి కావు. ఏ కబురో ఏమో తెలియక ఆడవాళ్లు గోడల మీదుగా ఒకరినొకరు అడుక్కునేవారు.

పన్ను వసూలుకొచ్చే ఆయన మాత్రం ఏటా తప్పకుండా వంతెన దాటేవాడు. మా నాన్న ఆయనకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, క్యాంపులో అందరికన్నా ముందు ఇంటి పన్ను కట్టేసేవాడు. కట్టాక మొదలుపెట్టేవాడు.

"పన్నుకు వంతెన కనపడుద్ది, డప్పుకు కనపడదేం?"

"నాకేమెరుక అన్నా. నా డ్యూటీ నేను చేస్తున్న," అని ఆయన నవ్వుకుంటూ పోయేవాడు.

పన్ను ఎగ్గొట్టి తిట్టడంలో మజా లేదని మా నాన్న సిద్ధాంతం. కట్టి తిడితే గొంతు బాగా లేస్తుందట.

నేను హైస్కూల్లో ఉండగా ఒక సాయంత్రం మా గేదె ఇంటికి రాలేదు. కాలువ గట్టు మీద మేస్తుంటే పట్టుకుపోయి ఊళ్లో బందెలదొడ్డిలో కట్టేశారని కబురొచ్చింది. గట్టు పాడవుతోందని, ఇక మీదట దాని మీద పశువు కనిపిస్తే దొడ్డిలో పెట్టి జరిమానా వేయాలని గ్రామసభలో తీర్మానించారట. మంచి తీర్మానమే. గట్టు తెగితే మొదట మునిగేది మా పొలాలే. కానీ అలాంటిదొకటి చేశారని మాకు చెప్పినవాళ్లు లేరు.

నాన్న పొలంలో ఉన్నాడు. అమ్మ, నేను వెళ్లాం. పొదుగు బిగిసి గేదె అరుస్తోంది. ఆఫీసు అరుగు మీద సర్పంచి, ఇంకొందరు పెద్దలు చాయ్ తాగుతున్నారు. మగవాళ్ల గుంపు ముందు అమ్మ నోరెత్తడం నేను అంతకు ముందు చూడలేదు.

"మాకు తెలియని రూలుకి మా గేదెను ఎట్లా కట్టేస్తారండీ?"

"తెల్వకపోవుడేంది అక్కా," అన్నాడు సర్పంచి. "చాటింపు ఏపిచ్చినం గద."

"ఎక్కడిదాకా వేయించారు?"

అరుగు మీద ఒకాయన తన చాయ్ గ్లాసులోకే చూస్తూ ఉండిపోయాడు. అమ్మ జరిమానా కట్టింది, నాన్న సిద్ధాంతం ఆమెకూ ఎక్కింది కాబోలు. కట్టాక గేదెను విప్పుకుని గబగబా ఇంటికి పోలేదు. పక్కింటి నుంచి చెంబు అడిగి తెప్పించుకుని, ఆఫీసు ముందే, అందరూ చూస్తుండగా కూర్చుని తాపీగా పాలు పితికింది. బోస్టన్ వాళ్లయితే ఆ పాలు కాలువలో పోసేవాళ్లేమో. మా అమ్మ చెంబు మీద కొంగు కప్పుకుని ఇంటికి తెచ్చి తోడు పెట్టింది. మర్నాడు ఆ పెరుగన్నం తింటుంటే మా అమ్మను చూసి నాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను.

ఆ వారమే నాన్న క్యాంపు పెద్దల్ని వెంటబెట్టుకుని సర్పంచి దగ్గరికి పోయాడు. చిత్రమేమిటంటే అప్పుడు వాళ్లు కోరింది వేరే పంచాయతీ కాదు, పన్ను తగ్గించమనీ కాదు. డప్పు వంతెన దాటాలి, అంతే. పాఠంలోనూ ఇదే వరస. వలసల వాళ్లు చాలాకాలం రాజుకు దణ్ణాలు పెడుతూ అర్జీలే పంపారు, మా మాట కూడా వినండని. రాజు వినలేదు. మా సర్పంచి విన్నాడు గానీ, విని నవ్వాడు.

"ఇయ్యాల డప్పు దాటాలంటరు. రేపు మాకొక వార్డు గావాలంటరు. ఎల్లుండి మా పంచాయితీ మాకియ్యిమంటరు. ఎందుకన్నా గీ లొల్లి?"

నాన్న ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ అమ్మతో అన్నాడు.

"ఆయన చెప్పేదాకా ఆ సంగతి నాకు తట్టనే లేదు."

తట్టాక ఇక ఆగలేదు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని బస్సెక్కి బాన్సువాడ ఆఫీసులకు తిరగడం నాన్నకు ఒక వ్యవసాయమైపోయింది. ఆఫీసర్లు మారారు, సర్పంచులు మారారు, చొక్కా కాలర్లు చిరిగాయి. "మళ్లీ పెళ్లిచూపులా?" అని అమ్మ ఏడిపించేది. నేను చదువు ముగించి, ఉద్యోగంలో చేరి, నా పిల్లల్ని బడిలో వేశాను. ఆ తర్వాత ప్రభుత్వం చిన్నచిన్న తండాలనూ శివారు పల్లెలనూ పంచాయతీలు చేసినప్పుడు మా క్యాంపు కూడా పంచాయతీ అయింది. నాన్నే మొదటి సర్పంచి. ప్రమాణం చేసిన రోజు ఆయన వంతెన మీద నిలబడి కాసేపు కాలువలోకి చూశాడు. నేను పక్కనే ఉన్నాను. నా భుజం మీద చెయ్యి వేశాడు.

మొదటి గ్రామసభకు చాటింపు వేయడానికి నాన్న తనే వంతెన దాటిపోయి ఊళ్లోని డప్పు తాతను పిలుచుకొచ్చాడు. ఇన్నేళ్లూ వంతెన దగ్గర వెనక్కి తిరిగింది ఆయనే.

"ఏడిదాక కొట్టాలె?" అని అడిగాడు తాత.

"చివరి డాబా దాకా కొట్టు," అన్నాడు నాన్న గర్వంగా.

తాత ఆ మాట పొల్లుపోకుండా చివరి డాబా దాకా కొట్టి ఆగాడు. ఆ డాబా తర్వాత రైసు మిల్లు ఉంది. మిల్లు వెనక రేకుల ఇళ్ల వరస ఉంది. సరిహద్దు దగ్గరి డోంగ్లి వైపు నుంచి చెరుకు నరకడానికి వచ్చి, మిల్లులో పని దొరికి నిలిచిపోయిన కుటుంబాలవి. పెద్దలు మరాఠీ మాట్లాడతారు, పిల్లలు మూడు భాషల్లో పోట్లాడుకుంటారు. మా తాతలు గుడారాలు వేసుకున్నట్టే వాళ్లూ రేకులు వేసుకున్నారు. ఆ సంగతి ఆ రోజు మా క్యాంపులో ఒక్కరికీ గుర్తు రాలేదు.

షామియానా వేశారు. మండలం నుంచి ఆఫీసరు వచ్చాడు. వెనకాల వంటలవుతున్నాయి. కార్యదర్శి ఇంటి పన్నుల తీర్మానం చదవడం మొదలుపెట్టాడు, డాబాలకు ఇంత, పెంకుటిళ్లకు ఇంత, మిల్లు వెనక రేకుల ఇళ్లకు ఇంత అని. అక్కడ అమ్మ లేచింది.

"ఏమండీ, మిల్లు వెనక వాళ్లక్కూడా పన్ను అన్నారు. వాళ్లలో ఒక్కరూ కనపడరేం?"

"తెలియలేదేమో," అన్నాడు నాన్న మైకులో.

"చాటింపు ఎక్కడిదాకా వేయించారు?"

ఈ ప్రశ్న నేను ఇంతకు ముందు విన్నాను, ఆఫీసు అరుగు ముందు, గేదె అరుస్తుండగా. అప్పుడు అరుగు మీద ఉన్నది వాళ్లు. ఇప్పుడు వేదిక మీద ఉన్నది మా నాన్న. ఇది ఆయన ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజు, క్యాంపు మొత్తం చూస్తోంది, అడిగింది సొంత భార్య. ఆఫీసరు నాన్న వైపు వంగి, "కోరం ఉంది సర్పంచి సాబ్, కానియ్యుండ్రి," అన్నాడు. నాన్న సరే అంటే ఆ రోజుకు ఎవరూ తప్పు పట్టరు. కానీ నేను పిల్లలకు మా నాన్న కథ ఇంకెప్పుడూ తలెత్తుకుని చెప్పలేను.

నాన్న మైకు కింద పెట్టాడు.

"మేం వంతెన పక్కన చాలా ఏళ్లు ఆగాం సార్. మీరొక్క గంట ఆగండి."

మెట్లు దిగి డప్పు తాతను లేపాడు. తాత ముందు, నాన్న వెనక, ఇద్దరూ మిల్లు వైపు నడిచారు. డప్పు దూరమై, మిల్లు వెనక్కి తిరిగి, అక్కడ చాలాసేపు మోగింది. షామియానా కింద కూర్చున్న మేమంతా అటే చెవులు పెట్టి విన్నాం.

రేకుల ఇళ్ల వాళ్లు పనిలోంచి అలాగే వచ్చారు, తలల మీద ఊక దుమ్ముతో. సభ మళ్లీ మొదటి నుంచి నడిచింది. పన్ను దగ్గరికి వచ్చాక నాన్న ఆ వరసలోని ఒక పెద్దావిడను మీరేమంటారని అడిగాడు. తగ్గించమంటుందని అందరం అనుకున్నాం.

"పన్ను కడ్తం కాకా, దాని ఫికర్ లేదు," అంది ఆవిడ. "గానీ మీ డప్పు మేం పనికి పోకముందు రావాలె. ఎండెక్కినంక వస్తే మేం ఇండ్లల్ల ఉండం."

మా పంచాయతీ మొదటి తీర్మానం అదే. చాటింపు మిల్లు వెనక నుంచి, తెల్లవారగానే మొదలు కావాలి. పన్ను తీర్మానం దాని తర్వాతే అయింది. ఎప్పటిలాగే అందరికన్నా ముందు నాన్న కట్టాడు. కట్టాక తిట్టడానికి సర్పంచి కోసం చూస్తే తనే మిగిలాడని అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

ఇదంతా మర్నాడు క్లాసులో చెప్పాను. చాయ్ దుకాణం అమ్మాయి మళ్లీ లేచింది.

"మరి ఆ అమెరికోళ్లు గెలిచినంక వాళ్లను ఎవరన్న గిట్ల అడిగిండ్రా మేడం, మీ అమ్మ లెక్క?"

"అడిగారమ్మా. ఆడవాళ్లు అడిగారు, బానిసలుగా ఉన్నవాళ్లు అడిగారు. వాళ్ల మాట వినడానికి చాలా కాలం పట్టింది."

"అయితే మీ నాన్ననే నయం," అని కూర్చుంది. నేను వెంటనే బోర్డు వైపు తిరిగాను. టీచరు అంత సంతోషంగా కనిపించడం క్లాసుకు మంచిది కాదు.

ఇప్పుడు మా క్యాంపు సర్పంచి ఇంకొకరు. పద్ధతి మాత్రం మారలేదు. మొన్న గ్రామసభ రోజు నేను అక్కడే ఉన్నాను. డప్పు మిల్లు వెనక మొదలై, వరసలన్నీ తిరిగి, వంతెన పక్కనున్న మా ఇంటికి ఆఖరున వస్తుంది. నాన్న తెల్లచొక్కా తొడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. చెప్పులు పక్కనే ఉన్నాయి.

"సభ సంగతి మీకు తెలిసిందేగా, ఇంకా కూర్చున్నారేం?" అంది అమ్మ.

"నాకింకా చెప్పలేదుగా," అన్నాడు నాన్న.