పరీక్ష పాఠం

టీచరమ్మ కాబోతున్న ఆ ఇల్లాలికి ఖాళీ గోడ కనిపిస్తే చాలు, మేకు కొట్టబుద్ధవుతుంది. టైపింగూ, కుట్టుపనీ, కంప్యూటరూ, అన్ని సర్టిఫికెట్లూ అద్దాల్లో వేలాడుతున్నాయి. ఇక మిగిలింది టీచర్ ట్రైనింగుది. దానికోసం చివరగా బడిలో ఒక తరగతికి, పరీక్షాధికారి ముందు, పాఠం చెప్పి చూపించాలి. రోజూ వంటింట్లో కొంగు బిగించి, కూతుర్ని పీట మీద కూర్చోబెట్టి అదే పాఠం చెప్పింది. కూతురు చదివేదీ ఆ బడిలోనే, ఆ తరగతిలోనే. జవాబులన్నీ దానికి కంఠతా వచ్చు. కాకపోతే నత్తి, ఒక్క మాట బయటికొచ్చేసరికి తెల్లారిపోతుంది.

పరీక్ష రోజు ఆవిడ మందకొడి పిల్లల్ని ఏరి ఆటసామాన్ల గదిలోకి తోలింది. వాళ్ళ వెనకే కూతుర్నీ. "నా... నాకొచ్చు కదమ్మా," అంది పిల్ల. "వస్తే మాత్రం? నువ్వు నోరు తెరిస్తే నా కొంప మునుగుతుంది. కిక్కురుమనకు," అని గడియ పెట్టింది. పాఠం అయ్యాక, "ఒక్క మొద్దు కూడా లేడండీ మీ క్లాసులో!" అని మెచ్చుకుని, పరీక్షాధికారి మార్కులు దండిగా వేశాడు. సర్టిఫికెట్ వచ్చిన రోజు ఆవిడ మేకు కొడుతూ, "ఇంకోటుందే, నత్తి పిల్లలకు చదువు చెప్పే కోర్సు. దానికీ నీతోనే ప్రాక్టీసు చేస్తా," అంది ముద్దుగా. అద్దం కట్టిన సర్టిఫికెట్ అందిస్తూ కూతురు అడిగింది: "అ... అప్పుడు కూడా ఆ గ... గదిలోనే కూర్చోవాలామ్మా?"