అడగకుండా మంచి చేసినవాళ్లు

కాలేజీలో అందరూ ఆమెను సూదిపిల్ల అనేవారు. ఎంత నున్నటి మాటనైనా గుచ్చి చూడందే వదలదని ఆ పేరు పెట్టారు. చదివేది ఫిజిక్సు. వాళ్లమ్మ ఆసుపత్రి వంటగదిలో రోగులకు చప్పిడి కూడు వండే మనిషి.

ఆ పిల్లకు కోపం ఊరికే రాలేదు. చెల్లెలికి చిన్నప్పుడు చెవిపోటు వస్తే, ఇంటికొచ్చి ప్రార్థనలు చేసే పెద్దమనిషి ఒకాయన మంత్రించిన నూనె పోయించాడు. చీము పట్టి ఆ చెవి కాస్తా పోయింది. చివరికి డాక్టరు దగ్గరికి పరిగెత్తితే ఆయన నలుగురి ముందూ, "నీలాంటి మొద్దులకు పిల్లలెందుకమ్మా?" అన్నాడు. అమ్మ తల వంచుకుని మందుల చీటీ అందుకుంది. పెద్దయ్యాక సూదిపిల్ల ఉండబట్టలేక అడిగేసింది: "ఆ మాటకి నీకు కోపం రాలేదా?"

"రాకేమే? చూపిస్తే చీటీ రాసేవాడా?" అంది అమ్మ, బియ్యంలో రాళ్లు ఏరుతూనే.

అమ్మ మింగిన కోపమంతా కూతురికి వచ్చినట్టుంది. కాలేజీలో చేరగానే ఆమె సైన్సు క్లబ్బులో చేరింది. దాన్ని నడిపే ఫిజిక్స్ సారు, "దేవుణ్ణయినా సరే, రుజువేదని అడగండి" అనేవాడు. ఆ మాట వింటే ఆమెకు కడుపు నిండినట్టుండేది.

హాస్టల్లో ఆమె గదిలోనే ఉండే పిల్లను పిచ్చుక అనేవారు. చరిత్ర చదువుతుంది. పొద్దున్నే గోడవైపు తిరిగి కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంది, ఆ వెంటనే మూర్ఛ మాత్ర వేసుకుంటుంది. రెండింట్లో ఏదీ మానదు.

"మీ దేవుడి లెక్క నాకు తేలట్లేదే" అనేది సూదిపిల్ల.

"మీ లెక్కలకి జాలి ఉందేమో ముందు తేల్చు" అనేది పిచ్చుక. ఇద్దరూ నవ్వుకునేవారు.

హాస్టల్లో ప్రార్థన బృందాన్ని నడిపేది పెద్దక్క. చివరి సంవత్సరం చదువుతోంది, గొంతులో తేనె. ఒకరోజు పిచ్చుకను పక్కన కూర్చోబెట్టుకుని, "మాత్ర మింగుతున్నావంటే నమ్మకం చాలనట్టే కదమ్మా. కొన్నాళ్లు మాని చూడు" అంది. మాత్రలు తన దగ్గరే ఉంచుతానని తీసుకుంది. పెద్దదాని మాట కాదనలేక పిచ్చుక ఇచ్చేసింది. గదిలో సూదిపిల్లకు కూడా చెప్పలేదు.

వారం తిరక్కుండా లైబ్రరీ మెట్ల మీద పడిపోయింది. నాలుక కొరుక్కుంది. ముందు పన్ను సగానికి విరిగింది. చుట్టూ చేరినవాళ్లలో ఒకడు ఫోను తీసి వీడియో పట్టాడు.

పిచ్చుక నోటివెంట సంగతి రాబట్టిన సూదిపిల్ల ప్రార్థన గదిలోకి చెప్పులతోనే వెళ్లింది.

"మాత్రలేవి?"

"నమ్మకం ఇంకాస్త గట్టిగా ఉండుంటే..." అని పెద్దక్క మొదలుపెట్టింది.

"విరిగింది నీ పన్నయితే తెలిసేది గట్టిదనం! తియ్, మాత్రలు!"

పెద్దక్క సొరుగు లాగి ఇచ్చింది. సూదిపిల్ల అక్కణ్నుంచి నేరుగా ఫిజిక్స్ సారు దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పింది. ఆయన వార్డెన్‌తో మాట్లాడతాడని, పెద్దక్కను నిలదీస్తాడని ఆమె ఆశ. ఆయన అంతా శ్రద్ధగా విని, "దీని మీద సభ పెడదాం" అన్నాడు.

సభ రోజు హాలు కిటకిటలాడింది. సారు మూఢనమ్మకాల గురించి దంచి కొట్టాడు. ఉన్నట్టుండి తెర మీద ఆ ఫోను వీడియో వేయించాడు, లైబ్రరీ మెట్లు కనిపించాయి. ఆ మెట్ల మీద పిచ్చుక కాళ్లూ చేతులూ కొట్టుకుంటోంది. ముందు వరసలో చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్న అసలు పిచ్చుకను సారు లేపి నిలబెట్టాడు.

"చెప్పమ్మా, నిన్ను నిలబెట్టేది మాత్రా, ప్రార్థనా? ఒక్క ముక్కలో."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు వరస వరసకూ పాకింది. పిచ్చుక రుమాలు తియ్యలేదు.

సూదిపిల్ల లేచింది. వేదిక ఎక్కి తెరకు వెళ్లే తీగను పట్టి లాగేసింది.

"ఏమిటీ పని?" అన్నాడు సారు.

"వాళ్లు దాని మాత్రలు లాక్కున్నారు సార్. మీరు దాని మొహం లాక్కున్నారు. తేడా చెప్పండి, ఒక్క ముక్కలో."

"నీక్కూడా సైన్సు మీద నమ్మకం పోయిందన్నమాట."

"సైన్సు మీద కాదు సార్, మీ మీద!"

గదికి రాగానే స్నేహితురాలు కావలించుకుంటుందనుకుంది. పిచ్చుక మంచం మీద బిగుసుకుపోయి కూర్చుంది.

"సారుకి చెప్పిందెవరు?"

"నేనే. నీ మంచికే..."

"ఆహా! పెద్దక్కా నా మంచికే, సారూ నా మంచికే, నువ్వూ నా మంచికే! ఇంతమంది మంచి చేస్తే నాకు మిగిలిందేమిటే? సగం పన్ను! జబ్బు నాది, దేవుడు నావాడు. నన్నొక్క మాట అడిగితే మీ సొమ్మేం పోయింది?"

సూదిపిల్లకు ఒళ్లు మండింది. ఆ మంట ఎవరి మీదో మాత్రం తేల్చుకోలేకపోయింది.

మర్నాడు పిచ్చుక ప్రిన్సిపాల్ గదికి బయల్దేరింది.

"నేనూ వస్తా" అంది సూదిపిల్ల.

"వస్తే రా. బయట కూర్చో."

బయట బల్ల మీద పళ్లు బిగబట్టి కూర్చున్న సూదిపిల్లకు లోపల్నుంచి పిచ్చుక గొంతు వినపడింది. సన్నటిదే, కానీ తొణకలేదు. సారునీ, వీడియో తీసినవాణ్నీ పిలిపించారు. పిచ్చుక కళ్ల ముందే వీడియో తుడిపించారు. ఇకమీదట ఎవరి మందుల జోలికెళ్లినా హాస్టల్ ఖాళీ చెయ్యాల్సిందేనని పెద్దక్కకు గట్టిగా చెప్పారు. సారు మాత్రం క్షమించమనలేదు, "నా ఉద్దేశం మంచిదే" అని ఊరుకున్నాడు. ఆ మాట విని సూదిపిల్ల బల్లను ఒక్క తన్ను తన్నింది.

క్లబ్బు మానేసింది కానీ క్లాసు మానలేదు. సారు బోర్డు మీద వేసే లెక్క ఎప్పుడూ తప్పు పోదు. అదే ఆమెకు మరీ కంపరం. ఇంత సరైన లెక్క ఇలాంటి చేతి మీదుగా రావాలా అని లోపల్లోపల తిట్టుకుంటూనే ఉంది, పెన్ను విరిగేలా నొక్కి ప్రతి అక్షరం రాసుకుంటూనే ఉంది.