ఎలుగుబంటి ఏడుపు

ట్యాబ్ మీద ఎలుగుబంటి పిల్లకి ఏడో కన్నీటి బొట్టు గీస్తున్నాడు మేస్త్రి. ముప్పై ఏళ్ళు దుకాణాల బోర్డులు రాసిన చెయ్యి అది. ఫ్లెక్సీలొచ్చి కుంచెకు పని లేకుండా పోయాక, వీడియోలు చూసి కదిలే బొమ్మలు నేర్చుకున్నాడు.

ఈ పని పళ్ళ డాక్టరమ్మది. చిన్నపిల్లల కోసం మొబైల్ యాప్. పిల్ల పళ్ళు తోముకున్నాక తల్లి బటన్ నొక్కితే ఎలుగుబంటి చప్పట్లు కొడుతుంది. నొక్కకపోతే ఏడుస్తుంది. పిల్లలు దీనికి లొంగితే చేతులు కడుక్కునే బొమ్మలు, నీళ్ళు తాగే బొమ్మలు కూడా మేస్త్రికే. లేదంటే ఇంకొకరికి. బుధవారం అప్పజెప్పాలి.

ఏడుపు మీద తొమ్మిది రోజులు కూర్చున్నాడు. ముందు పెదవి వణుకు, తర్వాత ముక్కు చీదడం, ఆఖరికి చెవుల్లోంచి కూడా ధారలు. చప్పట్లు ఒక్క పూటలో అయిపోయాయి. గురువారం కూతురి ఫోన్లో ఎక్కించి మనవరాలికి చూపించమన్నాడు.

శనివారం కూతురు ఫోన్ చేసింది. "నీ ఎలుగుబంటి పుణ్యమా అని దీని నోటి దగ్గర నిలబడలేకపోతున్నాం నాన్నా. రెండ్రోజులుగా బ్రష్ ముట్టుకుంటే ఒట్టు."

వెళ్ళి మనవరాలి పక్కన కూర్చున్నాడు. "ఎందుకు తోముకోవట్లేదే బంగారం?"

"తోముకుంటే ఏడవదుగా తాతా!" చెవుల్లోంచి నీళ్ళు కారగానే పొట్ట పట్టుకుని నవ్వింది. "మళ్ళీ ఏడిపించు!"

"అంత బాగా ఎవరు గియ్యమన్నారు నిన్ను?" అంది కూతురు.

బోర్డు మీద ఎరుపు ఎక్కడుంటే కన్ను అక్కడికే పోతుందని తెలియనివాడు కాదు మేస్త్రి. ఈ ఎలుగుబంటి దగ్గర మాత్రం కొట్టు పేరుకి వెయ్యాల్సిన ఎరుపు తీసుకెళ్ళి అంచుకి పూశాడు.

ఆదివారం పొద్దున ఆ ఏడుపుని మొదట్నుంచి ఒక్కసారి ఆడించి చూసుకుని, దానికోసం గీసిన నలభై రెండు బొమ్మలూ చెరిపేశాడు. ఇప్పుడు పిల్ల తోముకోకపోతే ఎలుగుబంటి వీపు తిప్పి ఊరికే కూర్చుంటుంది. తోముకుంటే దాని నోట్లో నురగ పొంగి, ముక్కు మునిగి, ఒక్క తుమ్ముతో గదంతా చిమ్ముతుంది. ఆ తుమ్ముకే రెండు రోజులు పట్టింది. మంగళవారం సాయంత్రం మనవరాలు రెండుసార్లు తోముకుంది. మూడోసారి అడిగితే కూతురు బ్రష్ దాచేసింది.

బుధవారం డాక్టరమ్మ తుమ్ము చూసి నవ్వింది. "ఏడుపు బ్రహ్మాండంగా కుదిరిందని ఫోన్లో అన్నారు కదండీ మేస్త్రిగారూ, ఏదీ?"

"కుదిరిందమ్మా. అందుకే తీసేశాను." మనవరాలి సంగతి చెప్పాడు.

"సరే, చేతులు కడుక్కునేది ఎప్పటికిస్తారు?"

"ఇది ముందు తీసుకోండి, నా దగ్గరుంటే మళ్ళీ చెయ్యి పెడతాను," అని ఫైలు ఆవిడ కంప్యూటర్లోకి ఎక్కించి, పూర్తయిందని తెరమీద పడేదాకా నిలబడే ఉన్నాడు.