గూడ్సు బండిలో జొన్నచేను

గూడ్సు బండ్లను ఫొటోలు తీయడం నా అలవాటు. తీసిన ప్రతి బండికీ ఒక కథ కట్టడం అంతకన్నా పాత అలవాటు. ఒక డ్రైవరు నా కెమెరా చూసి బండి ఆపి, తల దువ్వుకుని మళ్ళీ కదిలించాడంటే నమ్మినవాళ్ళు పద్మారావు నగర్‌లో ఇప్పటికీ ఉన్నారు. మా ఆవిడ వాళ్ళలో లేదు.

అందుకే, పక్క లైనులో చెడిపోయి నిలబడ్డ బొగ్గు వ్యాగన్‌లో జొన్న మొలిచిందని చెబితే ఆమె తాలింపు ఆపలేదు. వానాకాలమంతా ఆ వ్యాగన్ అక్కడే ఉంది. అడుగున మట్టి, పైన పావురాలు. గింజలు ఎక్కడివో వాటికే తెలియాలి. ఫుట్‌బ్రిడ్జి మీంచి కంకులు కూడా కనిపించాయి.

ఆ ఆదివారం మా చర్చిలో కోతపండుగ. ఎవరి పంట వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడితే, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. మా సంఘంలో ఎవరికీ సెంటు భూమి లేదు కనుక అందరూ మార్కెట్లో గుమ్మడికాయ కొంటారు. దాని మీది మట్టి మాత్రం కడగరు, పొలం నుంచి వచ్చినట్టుండాలని. ఈసారి నేను జొన్నచేను ఫొటో ఫ్రేము కట్టించి తెస్తానన్నాను.

"చర్చిల సుత కతలేనా?" అంది మా ఆవిడ. "అందరు నవ్విండ్రనుకో, నేను అట్నుంచటే కార్ఖానా బస్తీల మా అక్కింటికి పోత. మల్ల పిలిచినా రాను."

అబద్ధాలకు లేని శిక్ష నిజానికి పడేలా ఉంది. ఆమె ఆ మాటన్న రోజే చీకటి పడ్డాక వెళ్ళాను. చీకట్లో తీయాలంటే కెమెరా కన్ను కాసేపు తెరిచి ఉంచాలి. ఆ కాసేపట్లోనే ముందు లైనులో ఇంకో గూడ్సు వెళ్ళింది. ఫొటోలో దాని లైటు ఒక పొడుగాటి తెల్లగీతగా వచ్చింది.

"జొన్నలేవి?" అంది మా ఆవిడ.

"గీత వెనక ఉన్నాయి."

మర్నాడు పొద్దున వెళ్ళేసరికి ఆ వ్యాగన్‌ను ఒక ఖాళీ గూడ్సుకు తగిలిస్తున్నారు. చేను కంకులూపుకుంటూ వంతెన కిందుగా వెళ్ళిపోయింది. ఒక్క ఫొటో దక్కింది, శుభ్రంగా.

"ఫోన్ల గిట్లాంటియి మస్తు చేస్తరంట," అంది మా ఆవిడ.

ఆదివారం వేలం వేసే పెద్దాయన గుమ్మడికాయల మధ్య నుంచి నా ఫ్రేము ఎత్తి చూపించాడు. "మన బ్రదర్ చేను గూడ్సు బండిల ఉన్నదంట. దున్నింది ఎవరు బ్రదర్, ఇంజినా?"

చర్చి అంతా నవ్వింది. లేచి, ఇది నిజమన్నాను. ఇంకా నవ్వారు. ఆడవాళ్ళ వైపు మా ఆవిడ లేచి నిలబడింది. కార్ఖానాకే అనుకున్నాను.

"నవ్వుడెందుకు? నేను సుత చూసిన. బ్రిడ్జి మీద ఈయన పక్కనే ఉన్న."

నవ్వు ఆగిపోయింది. ఆమె సండే స్కూల్లో పిల్లలకు పది ఆజ్ఞలు నేర్పే మనిషి. పెద్దాయన వేలంపాట మొదలుపెట్టాడు. ఫ్రేము గుమ్మడికాయలకన్నా ఎక్కువే పలికింది.

నేను ఫొటో తీసిన ఆ పొద్దున ఆమె ఇంట్లో నిమ్మకాయలు కోస్తోంది. ఆ వంతెన ఆమె ఎన్నడూ ఎక్కలేదు, ఎత్తుకు కళ్ళు తిరుగుతాయి.

ఇంటికి వస్తుంటే రెజిమెంటల్ బజార్ దాటాక మెల్లగా అడిగింది. "ఇప్పుడన్న చెప్పుండ్రి. నిజంగ ఉండెనా?"

"ఉండె."

నా మొహం కాసేపు చూసింది. "కంకులు సుతనా?"

"కంకులు సుత."

"గంతగనం చెప్పకుండ్రి," అంది.